పొట్ట పట్టీ సరిగ్గా కుదిరితేనే పిట్ట: చేతికుట్టు ప్రశ్నలు, జవాబులు

ఫెల్ట్ గుడ్డతో (నేత లేకుండా, పోగులు చిక్కుపడి తయారైన గుడ్డ), మిషన్ లేకుండా, దూది కూరిన పిట్ట బొమ్మ కుట్టడం గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలివి. కొలతలన్నీ 12 సెంటీమీటర్ల పిట్టకు చెప్పినవి. బొమ్మ పెంచినా తగ్గించినా ముక్కలన్నిటినీ ఒకే నిష్పత్తిలో మార్చుకోండి. ఫెల్ట్ మందం, కుట్ల దూరం మాత్రం మార్చనక్కర్లేదు.

ప్రశ్న: బొత్తాలు కుట్టుకోవడం, కాస్త హెమ్మింగ్ తప్ప నాకేమీ రాదు. ఫెల్ట్ పిట్ట కుట్టాలని ఉంది. ఏమేం కావాలి? ముందు ఏది కుట్టాలి, తర్వాత ఏది?

హెమ్మింగ్ వచ్చిన చెయ్యి చాలండి. మొదటి పిట్ట ముక్కు మొదలు నుంచి తోక కొస దాకా 12 సెం.మీ. ఉండేలా చూసుకోండి. మరీ చిన్నది తేలికని చాలామంది అనుకుంటారు గానీ, 7 సెం.మీ. పిట్టలో వేలు దూరదు, తోక సందులోకి దూది పోదు. కొత్త చేతికి పెద్దదే సులువు.

ఒంటికి ఏ4 కాగితమంత ఫెల్ట్ ముక్క ఒకటి సరిపోతుంది. మందం 1 నుంచి 1.5 మి.మీ. మధ్య ఉండాలి. అంతకన్నా పల్చనైతే దూది గట్టిగా కూరినప్పుడు కుట్టు పడిన చోట చిరుగుతుంది. 3 మి.మీ. మందమైతే అంచులు ఒకదానికొకటి ఒదగక గట్టులా లేస్తాయి. రెక్కలకు, ముక్కుకు వేరే రంగు తుంపులు తీసుకోండి. ఆరు పోగుల ఎంబ్రాయిడరీ దారం లచ్చ ఒకటి కావాలి. లచ్చలో మామూలుగా 8 మీటర్లుంటుంది, అందులోంచి రెండేసి పోగులు విడదీసి వాడతాం. 7 లేదా 8 నంబరు ఎంబ్రాయిడరీ సూది, ఫైబర్ (పాలిస్టర్) దూది 12 నుంచి 15 గ్రాములు, గుండుసూదులు, మొన అరగని కత్తెర, కొస మొద్దుగా ఉన్న సన్నని పుల్ల ఉంటే సరంజామా పూర్తయినట్టే.

కత్తిరించాల్సిన ముక్కలు: 12 సెం.మీ. పొడవు, 6.5 సెం.మీ. ఎత్తు ఉన్న పక్క భాగాలు రెండు, రెండు పక్కలనూ అడుగున కలిపే, ఆకు ఆకారంలోని పొట్ట పట్టీ ఒకటి (కొలత తర్వాతి జవాబులో ఉంది), రెక్కలు రెండు, ముక్కుకు త్రికోణాలు రెండు. పక్క భాగాలు రెండింటినీ ఒకేసారి మడతమీద కత్తిరించకండి. ఫెల్ట్ కత్తెరలో జారుతుంది, కింది ముక్క 2 మి.మీ. తేడా వస్తుంది. కాగితం నమూనాను ఒకసారి ఇటు, ఒకసారి బోర్లించి పెట్టి విడివిడిగా కత్తిరించండి. వంపుల దగ్గర కత్తెరను తిప్పకూడదు, ఎడమచేత్తో గుడ్డను తిప్పాలి. అప్పుడే అంచు మెట్లు మెట్లుగా రాకుండా నున్నగా వస్తుంది.

కుట్టే వరస ఇదీ. పక్క భాగాలు ఇంకా చదునుగా ఉండగానే కళ్ళు, రెక్కలు కుట్టేయాలి. ముడులన్నీ లోపలివైపు పోతాయి. తర్వాత ముక్కును ఒక పక్కకు టాకా వేయాలి. ఆపైన పొట్ట పట్టీని మొదటి పక్కకు, ముక్కు దగ్గర మొదలుపెట్టి తోకవైపు కుట్టాలి. రెండో పక్కకు కూడా ముక్కు నుంచే మొదలుపెట్టి, నడుము దాటాక దూది కూరడానికి 4 సెం.మీ. నోరు (కుట్టని సందు) వదిలి, మిగతాది కుట్టాలి. చివరికి ముక్కు మీదుగా తల, వీపు, తోక. ఫెల్ట్‌కు తిరగేయడం లేదు. మంచివైపు బయటికే ఉంచి, అంచుకు అంచు కలిపి బ్లాంకెట్ కుట్టు, అంటే ప్రతిసారీ దారం ఉచ్చు అంచు మీద కూర్చునే కుట్టు, వేయడమే.

ప్రశ్న: రెండు పిట్టలు కుట్టాను. రెండింటికీ పొట్ట మీద ముడతలు. పైగా రెండో పిట్ట తల ఎడమవైపు తిరిగిపోయింది. దూది ఎక్కువ కూరితే సర్దుకుంటుందనుకుంటే ఇంకా వంకరయింది. ఎక్కడ తప్పు జరిగింది?

దూది పెట్టే సమయానికే ఆ తప్పు జరిగిపోయిందండి. కూరేకొద్దీ దాగదు, ఇంకా బయటపడుతుంది. మీ పిట్టకు ఉన్నవి రెండు వేర్వేరు లోపాలు, వాటి కారణాలు కూడా వేరే.

ముందు ముడతల సంగతి. పక్క భాగం కింది అంచును, గడ్డం నుంచి తోక కింది దాకా, దారం నిలబెట్టి కొలవండి. మన పిట్టకు సుమారు 11.8 సెం.మీ. వస్తుంది. చాలామంది ఇక్కడే పొరబడతారు. ఆ 11.8 సెంటీమీటర్లను పొట్ట పట్టీ నడిమి గీతకు పెట్టి, దాని చుట్టూ 4.5 సెం.మీ. వెడల్పున ఆకు గీసేస్తారు. కానీ మనం కుట్టేది నడిమి గీతను కాదు, వంపు తిరిగిన అంచును. ఆకు అంచు ఎప్పుడూ దాని నడిమి గీతకన్నా పొడుగే. అలా గీసిన పట్టీ అంచు 12.9 దాకా పోతుంది. ఎక్కువైన ఆ సెంటీమీటరుకు పోవడానికి దారి లేదు, ముడతలై కూర్చుంటుంది.

సరైన పద్ధతి ఇది. కాగితాన్ని నిలువునా మడవండి. మడత మీద 10.5 సెం.మీ. గుర్తు పెట్టండి. మధ్యలో మడత నుంచి 2.25 సెం.మీ. దూరాన ఒక చుక్క పెట్టి, రెండు కొసల నుంచి ఆ చుక్క మీదుగా వంపు గీయండి. ఇప్పుడు పక్క భాగాన్ని కొలిచిన అదే దారాన్ని ఈ వంపు మీద నిలబెట్టండి. దారం మిగిలితే కొసను కొంచెం పొడిగించండి, చాలకపోతే కురచ చేయండి. రెండూ 1 మి.మీ. తేడాలోకి వచ్చాకే ఫెల్ట్ ముట్టుకోండి. పట్టీ పొడుగైతే ముడతలు, పొట్టిదైతే పిట్ట తల నేల చూస్తుంది.

వెడల్పు మీ ఇష్టం. 3 సెం.మీ. పెడితే సన్నగా చురుగ్గా ఉండే పిట్ట, 4.5కి గుండ్రటి పిచ్చుక, 6కి బాతులా బొద్దుగా వస్తుంది. కాకపోతే వెడల్పు మార్చిన ప్రతిసారీ అంచు పొడవు మారుతుంది, మళ్ళీ దారంతో కొలవాల్సిందే.

ఇక తల తిరగడం. మీరు ఒక పక్కను ముక్కు నుంచి తోకకు, రెండో పక్కను తోక నుంచి ముక్కుకు కుట్టి ఉంటారు. చేత్తో కుట్టేటప్పుడు ప్రతి కుట్టుకూ పై పొర వెంట్రుకవాసి ముందుకు జరుగుతుంది. 12 సెం.మీ. పొడవునా అది 2, 3 మి.మీ. అవుతుంది. రెండు పక్కలూ ఒకే దిశలో జరిగితే కంటికి కనబడదు, ఎదురెదురుగా జరిగితే ఒళ్ళు మెలి తిరుగుతుంది. అందుకే రెండుసార్లూ ముక్కు నుంచే మొదలుపెట్టమన్నది. రెండో పక్క కుట్టేటప్పుడు పట్టీ మీవైపు ఉంటుంది, ఫరవాలేదు. దీంతోపాటు పట్టీకి, పక్క భాగాలకు సరిగ్గా సగం దగ్గర, పావు దగ్గర, ముప్పావు దగ్గర సుద్దతో గుర్తులు పెట్టి, గుర్తుకు గుర్తు కలిపి గుండుసూదులు గుచ్చండి. ఇంకో కారణం కూడా ఉండొచ్చు. చవకరకం ఫెల్ట్ ఒక దిక్కున లాగితే ఎక్కువ సాగుతుంది, రెండో దిక్కున సాగదు. ఒక పక్కను నిలువుగా, రెండోదాన్ని అడ్డంగా కత్తిరిస్తే దూది కూరగానే ఒకటే సాగుతుంది. కత్తిరించే ముందు గుడ్డను రెండు దిక్కులా లాగి చూడండి.

తల తిరిగిన పిట్టకు మందు ఒక్కటే. ముక్కు నుంచి సగం పొట్ట దాకా ఒక పక్క కుట్టు విప్పి, మళ్ళీ గుర్తులు పెట్టి కుట్టాలి. ఉన్ని ఫెల్ట్ అయితే విప్పిన రంధ్రాలు వేలితో రుద్దితే చాలావరకు మూసుకుంటాయి. యాక్రిలిక్‌లో అంతగా మూసుకోవు, కొత్త కుట్లను ఆ పాత రంధ్రాల్లోంచే తీయండి.

ప్రశ్న: బ్లాంకెట్ కుట్టు కొంతదూరం బాగానే వస్తుంది. తర్వాత దారం అంచు మీద నిలవకుండా ఒకవైపు జారుతుంది. మధ్యలో దారం అయిపోతే వేసిన ముడి బయటికి కనబడుతోంది.

కుట్టుకు కుట్టుకూ మధ్య 3 మి.మీ., అంచు నుంచి లోతు 3 మి.మీ. ఉండాలి. ఎడం 4 మి.మీ. దాటితే గట్టిగా కూరినప్పుడు సందుల్లోంచి తెల్లగా దూది తొంగిచూస్తుంది. చేయి కుదిరేదాకా అంచుకు 3 మి.మీ. లోపలగా సుద్దతో సన్నని గీత గీసుకోండి. మాయమయ్యే సిరా పెన్నులతో జాగ్రత్త. వేడికి పోయే రకం గీతలు బాగా చలి తగిలితే మళ్ళీ కనబడొచ్చు.

దారం పక్కకు జారడం లాగడంలో ఉన్న తేడా వల్ల వస్తుంది. సూది గుచ్చి, దారం ఉచ్చులోంచి బయటికి తీశాక, దారాన్ని మీవైపు కాదు, పైకి, అంచుకు నిటారుగా లాగాలి. ఉచ్చు రెండు పొరల మధ్య గీత మీద కూర్చోగానే ఆపేయండి. ఇంకాస్త బిగిస్తే అంచు ముడుచుకుపోతుంది, వదులుగా వదిలితే ఉచ్చు వేలాడుతుంది. ఆ కూర్చోవడం వేలికి తెలుస్తుంది. దారం అంచును తాకిన చోట ఫెల్ట్ నొక్కుకోకుండా, దాని మీద గీత గీసినట్టు ఉంటుంది.

దారం ఒక్కసారికి 45 సెం.మీ. చాలు, అంటే వేళ్ళ నుంచి మోచేయి దాకా. పొడుగు దారం గుడ్డలోంచి ఎక్కువసార్లు లాగబడి నూగు లేస్తుంది. మొత్తం ఎంత కావాలో లెక్క కావాలంటే, ఈ ఎడానికి కుట్టు పొడవుకు నాలుగు రెట్లు దారం పడుతుంది.

దారం అయిపోవడం గురించి. 8 సెం.మీ. మిగిలినప్పుడే ఆగండి. ఆఖరి ఉచ్చు అలాగే ఉంచి, సూదిని దాని పక్కనే రెండు పొరల మధ్యకు దించి, లోపలివైపు ఒకే పొరలో, ప్రతిసారీ ఒక కుట్టు వెనక్కి పోయి గుచ్చే రెండు చిన్న బ్యాక్ స్టిచ్‌లు వేసి తెంపండి. కొత్త దారం లోపలి నుంచే మొదలుపెట్టి, సరిగ్గా ఆ ఆఖరి ఉచ్చు కిందనుంచి బయటికి తీయండి. ఉచ్చు కొత్త దారానికి తగులుకుని నిలబడుతుంది, అతుకు ఎక్కడుందో మీకే కనబడదు. తోక మొన దగ్గర, ముక్కు కింద ఒకే రంధ్రంలోంచి మూడు కుట్లు వేయాలి: మొనకు ఇవతల ఒకటి, మొన మీద ఒకటి, అవతల ఒకటి. ఒక్క కుట్టుతో మొన తిప్పితే అక్కడ పొరలు విడిపోతాయి.

ప్రశ్న: దూది ఎంత కూరినా చేతికి ఉండలు తగులుతున్నాయి, మెడ దగ్గర మాత్రం మెత్తగా వాలిపోతోంది.

దూదిని ఉండ చేసి తోస్తే ఉండగానే ఉంటుంది. చిటికెడు దూది తీసి రెండు చేతులతో విడదీసి, మబ్బుతునకలా పల్చగా చేసి పెట్టండి. ముందు పెట్టింది, తర్వాత పెట్టింది ఒకదానిలోకి ఒకటి చొచ్చుకోవాలి. వరస కూడా ముఖ్యం: ముందు ముక్కు వెనక, తర్వాత తల, మెడ, అటుపైన తోక, చివర్లో పొట్ట. పొట్ట ముందే నిండితే మెడలోకి పుల్ల పోయే దారి మూసుకుపోతుంది. మెడ వాలడానికి కారణం దాదాపు ఎప్పుడూ ఇదే. తల, మెడ బొటనవేలితో నొక్కితే వెంటనే పైకి లేచేంత గట్టిగా ఉండాలి, పొట్ట కొంచెం మెత్తగా ఉన్నా ఫరవాలేదు. కత్తెర మొనతో మాత్రం తోయకండి, ఫెల్ట్‌కు బొక్క పడుతుంది.

నోరు మూసే ముందు, ఇక చాలనిపించాక ఇంకో రెండు చిటికెలు పెట్టండి. చేతుల్లో నలిగేకొద్దీ దూది కుంగుతుంది. మామూలు పత్తి దూది వద్దు, తడి తగిలితే గడ్డకట్టి ఆలస్యంగా ఆరుతుంది. బూరుగు దూది తేలికగా ఉంటుంది గానీ సన్నని పీచు కుట్ల సందుల్లోంచి బయటికొస్తుంది, లోపల పల్చటి నూలు గుడ్డ సంచి కుట్టి అందులో పెడితేనే బాగుంటుంది.

ప్రశ్న: ఏడాది పాప కోసం కుడుతున్నాను. నల్లపూసల కళ్ళు గట్టిగా కుడితే ఫరవాలేదా?

వద్దండి. ఎంత గట్టిగా కుట్టినా వద్దు. పాప నోట్లో నానిన దారం, పూస రంధ్రం అంచుకు రాసుకుని ఒకరోజు తెగుతుంది. మూడేళ్ళలోపు పిల్లల బొమ్మల్లోంచి ఊడివచ్చే ఏ భాగమూ 31.7 మి.మీ. వ్యాసమున్న పరీక్ష గొట్టంలో పూర్తిగా ఇమిడిపోకూడదని ఆటవస్తువుల భద్రతా ప్రమాణాలు చెబుతాయి. యూరప్ ప్రమాణం ఈఎన్ 71 ప్రకారం, 6 మి.మీ. కన్నా పెద్ద భాగాన్ని 90 న్యూటన్ల బలంతో, అంటే దాదాపు 9 కిలోల బరువు వేలాడదీసినంతగా లాగి చూస్తారు. ఇంట్లో చేత్తో కుట్టిన పూస అంత లాగుడుకు నిలుస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. బొత్తాలదీ అదే సంగతి.

కళ్ళు దారంతోనే కుట్టండి. ఈ పిట్టకు 5 మి.మీ. కన్ను అందం. ఆ కొలతకు గుండ్రంగా చిన్న బ్యాక్ స్టిచ్‌లు వేసి, లోపలంతా పక్కపక్కనే నిలువు కుట్లతో నింపండి. పైన తెల్లదారంతో 1 మి.మీ. కుట్టు ఒక్కటి వేస్తే కంట్లో వెలుగు వస్తుంది. రెండు కళ్ళలోనూ ఆ తెల్లచుక్క పైభాగంలో, ముక్కువైపే ఉండాలి. ఒకటి పైన, ఒకటి కింద అయితే పిట్ట బెదిరినట్టు కనబడుతుంది. రెండు కళ్ళూ సమంగా రావడానికి, పక్క భాగాలు రెంటినీ మంచివైపులు బయటికి ఉండేలా ఒకదాని మీద ఒకటి సరిగ్గా పేర్చి, ముందు అంచు నుంచి 2 సెం.మీ. దూరంలో, ముక్కు పై అంచుకు సమానమైన ఎత్తులో గుండుసూది రెండింటిలోంచీ గుచ్చండి. సూది దిగిన చోటే కన్ను. ఇంకొంచెం కిందికి, ముందుకు జరిపితే పిట్టపిల్ల ముఖం వస్తుంది.

చిన్నపిల్లల బొమ్మకు రెక్కను ముందు అంచు ఒక్కటే కాకుండా, సగం చుట్టూ బ్యాక్ స్టిచ్‌తో కుట్టండి. లోపలివైపు 3 సెం.మీ. నూలు గుడ్డ ముక్క అడ్డం పెట్టి రెండింటినీ కలిపి కుడితే, రెక్క పట్టుకుని లాగినా ఒంటి ఫెల్ట్ చిరగదు. గుండుసూదులు ఎన్ని తీశారో లెక్కపెట్టుకుని, మూసే ముందు అన్నీ తిరిగొచ్చాయో లేదో చూసుకోండి. ఒకటి తగ్గితే పిట్టను విప్పి అయినా వెతకాల్సిందే.

ప్రశ్న: అలమరలో పెడితే ముందుకు తూలుతోంది. కాళ్ళకు తీగ పెట్టొచ్చా?

అలంకారానికైతే 1 మి.మీ. తీగకు దారం చుట్టి పెట్టొచ్చు, పిల్లల చేతికిచ్చే బొమ్మకు తీగ పెట్టకూడదు. తల బరువు వల్లే తూలుతుంది. పొట్ట అడుగున, సగానికి కొంచెం వెనగ్గా, పప్పుగింజలంత ప్లాస్టిక్ గుళికలు 20 గ్రాములు చిన్న గుడ్డ సంచిలో కుట్టి దూది మధ్య పెట్టండి. ఇదీ పెద్దవాళ్ళ బొమ్మకే. గుళికలు వద్దనుకుంటే తోకను కిందికి వంచి కుట్టండి, పొట్టతోపాటు తోక కూడా ఆనుకుని నిలబడుతుంది.

ప్రశ్న: మాసిన పిట్టను ఉతకొచ్చా?

చన్నీళ్ళలో గుడ్డ ముంచి, గట్టిగా పిండి, పైపైన తుడవండి. ఉన్ని పోగు మీద పొలుసులుంటాయి. వేడినీళ్ళు, సబ్బు, రుద్దుడు మూడూ కలిస్తే ఆ పొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని గుడ్డ కుంచించుకుపోతుంది. ఉన్నిని ఫెల్ట్‌గా మార్చే పద్ధతి కూడా అదే. అందుకే పాత ఉన్ని స్వెటర్‌ను వేడినీళ్ళలో బాగా ఉతికి, అల్లిక కళ్ళు మూసుకుపోయాక దానితోనే పిట్ట కుట్టుకోవచ్చు. ఉతికినా కుంచించుకోకుండా తయారుచేసిన ఉన్ని మాత్రం దీనికి పనికిరాదు. యాక్రిలిక్ ఫెల్ట్‌కు ఆ భయం లేదు గానీ వేడి ఇస్త్రీ తగిలితే కరిగి గట్టిపడుతుంది. ఎరుపు, ముదురు నీలం ముక్కలను కుట్టకముందే తడి తెల్లగుడ్డతో ఐదు నిమిషాలు అదిమి చూడండి. రంగు దిగితే తెల్ల పొట్ట పట్టీ పక్కన వాడకండి.

ప్రశ్న: ఇదే నమూనాతో నూలు గుడ్డ పిట్ట కుట్టొచ్చా?

కుట్టొచ్చు, అయితే ఇదే నమూనా పనికిరాదు. నూలు గుడ్డ నేత గుడ్డ, అంచు పోగులు ఊడతాయి. చుట్టూ 6 మి.మీ. కుట్టు కోసం వదిలి, తిరగేసి కుట్టి, వంపుల దగ్గర గాట్లు పెట్టి, మళ్ళీ మంచివైపు తీయాలి. ముక్కు, తోక మొనలు తిరగేయడమే పెద్ద పని. ఫెల్ట్‌లో నేత లేదు, పోగులన్నీ చిక్కుకుని ఉంటాయి కాబట్టి కత్తిరించిన అంచే చివరి అంచు. జర్మనీలో మార్గరెటె స్టైఫ్ అనే కుట్టుపనావిడ 1880లో ఫెల్ట్‌తో కుట్టిన చిన్న ఏనుగులు సూదులు గుచ్చుకునే దిండ్లుగానే మొదలయ్యాయి. పిల్లలు వాటిని బొమ్మలుగా తీసుకున్నారు. చేతికుట్టుకు ఈ గుడ్డ ఎంత అనువైనదో దాన్నిబట్టే తెలుస్తుంది.

ప్రశ్న: అంతా బాగా వచ్చింది గానీ, పది రోజులకే ముక్కు ఊడి చేతికొచ్చింది.

ముక్కును అంచు కుట్టులో ఇరికించి వదిలేసి ఉంటారు. బ్లాంకెట్ కుట్టు 3 మి.మీ. లోతే పట్టుకుంటుంది, ముక్కు మొదలు అంతకన్నా లోపలికి పోకపోతే ఒక్క లాగుడుకే జారిపోతుంది. ముక్కు త్రికోణాన్ని బయటికి కనబడే 1.5 సెం.మీ. కాక, మొదట్లో ఇంకో 8 మి.మీ. ఎక్కువ ఉంచి కత్తిరించండి. రెండు పొరలనూ కలిపి అంచు కుట్టి, ఆ 8 మి.మీ. భాగాన్ని ఒక పక్క భాగానికి లోపలివైపున పెట్టి, అంచు నుంచి 5 మి.మీ. లోపలగా ముక్కు రంగు కాకుండా ఒంటి రంగు దారంతో నాలుగైదు బ్యాక్ స్టిచ్‌లు వేయండి. కుట్టు బయటికి చుక్కల్లా కనబడుతుంది, ఫెల్ట్ నూగులో కలిసిపోతుంది. తర్వాత రెండో పక్క కలిపి అంచు కుట్టేటప్పుడు, ముక్కు ఉన్నంతమేరా సూది నాలుగు పొరల్లోంచీ దిగిందో లేదో ప్రతి కుట్టుకూ వెనక్కి తిప్పి చూసుకోండి. ఇప్పుడు ఊడిన ముక్కును మళ్ళీ పెట్టాలంటే పిట్టంతా విప్పనక్కర్లేదు. ముఖం మీద 2 సెం.మీ. కుట్టు విప్పి, కొంచెం దూది బయటికి తీసి, కొత్త ముక్కును లోపలికి నెట్టి కుట్టి, తీసిన దూది మళ్ళీ పెట్టి మూసేయండి.